కొత్త ఈ1 లైను మీద మాత్రమే క్రమం తప్పకుండా క్లాక్ స్లిప్‌లు: పోర్టులన్నీ ‘లైన్’ క్లాక్ మీదే ఉన్నా ఎందుకు?

పోర్టు_సున్నా (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో టెలిఫోను లైన్లను ఐపీ నెట్‌వర్కుకు కలిపే యాక్సెస్ గేట్‌వే ఒకటి ఉంది. దానిలో మూడు ఈ1 (ఒకే లైను మీద అనేక కాల్స్‌ను డిజిటల్‌గా మోసే పద్ధతి) పోర్టులను వాడుతున్నాము. సున్నా నంబరు పోర్టుకు చాలా ఏళ్లుగా ఒక సర్వీసు సంస్థ నుంచి పీఆర్ఐ (ఈ1 మీద ఇచ్చే డిజిటల్ టెలిఫోను కనెక్షను) లైను వస్తోంది. ఒకటో నంబరు పోర్టుకు మూడు నెలల కిందట వేరొక సంస్థ దగ్గర ఇంకో పీఆర్ఐ తీసుకున్నాము. రెండో నంబరు పోర్టు భవనంలోనే ఉన్న పాత పీబీఎక్స్‌కు (కార్యాలయపు సొంత టెలిఫోను ఎక్స్ఛేంజికి) వెళ్తుంది.

కొత్త లైను వచ్చిన నాటి నుంచి ఒకటో పోర్టు మీద స్లిప్‌ల (క్లాకులు కలవక డేటా ముక్క జారిపోవడం) లెక్క ఆగకుండా పెరుగుతోంది. ప్రతి 15 నిమిషాల గడిలోనూ 13 స్లిప్‌లు కనిపిస్తున్నాయి. అరుదుగా 12 లేదా 14. పగలైనా రాత్రైనా, కాల్స్ నడుస్తున్నా నడవకపోయినా లెక్క మారడం లేదు. ఆ పోర్టు మీద అలారాలు లేవు, సీఆర్‌సీ (డేటా చెడిందేమో సరిచూసే అంకె) తప్పులు లేవు, లైన్ కోడ్ (బిట్లను తీగ మీద విద్యుత్ స్పందనలుగా మార్చే పద్ధతి) ఉల్లంఘనలు లేవు. మాట్లాడేవారికి ఎప్పుడో ఒక చిన్న టక్కుమనే శబ్దం తప్ప తేడా తెలియడం లేదు గాని, ఆ లైను గుండా వెళ్లే ఫ్యాక్సులలో దాదాపు ప్రతి పేజీలోనూ కొన్ని గీతలు చెడిపోతున్నాయి, పొడవైన పత్రాలైతే మధ్యలోనే తెగిపోతున్నాయి. సున్నా పోర్టు మీద, పీబీఎక్స్ పోర్టు మీద స్లిప్‌లు సున్నా.

మూడు పోర్టులకూ క్లాక్ సోర్స్ ‘లైన్’ అనే పెట్టాను. గేట్‌వే మొత్తానికి క్లాక్ ఎంపికలో సున్నా పోర్టుకు మొదటి ప్రాధాన్యం, పీబీఎక్స్ పోర్టుకు రెండో ప్రాధాన్యం ఇచ్చాను. ఒకటో పోర్టు తన లైను క్లాకునే తీసుకుంటున్నప్పుడు ఆ లైనుతో దానికి తేడా ఎలా వస్తుందన్నదే నాకు అర్థం కాని విషయం. కొత్త సంస్థకు ఫిర్యాదు చేశాను. వారు తమ వైపు అంతా సరిగానే ఉందని రెండుసార్లు రాసి పంపారు.

జోడుతీగ:

ముందు తీగలు చూడండి. 120 ఓమ్‌ల జోడుతీగ లైనును 75 ఓమ్‌ల పోర్టుకు బాలన్ (ఆ రెంటినీ జతపరిచే చిన్న ట్రాన్స్‌ఫార్మరు) లేకుండా కలిపితే ఇలాంటి వింతలు చాలా జరుగుతాయి. నేను చూసిన ఒక చోట కేబులు కవచాన్ని రెండు చివర్లా భూమికి కలపడం వల్ల తప్పుల లెక్క రోజంతా పెరుగుతూ ఉండేది. ప్యాచ్ కేబులు మార్చి, పోర్టు కూడా మార్చి చూస్తే అరగంటలో తేలిపోతుంది.

పాత_ఎక్స్ఛేంజి:

జోడుతీగ గారు చెప్పిన జబ్బులు నిజమైనవే గాని, వాటి లక్షణాలు వేరు. తీగ చెడితే ముందు పడేది బిట్లు: హెచ్‌డీబీ3 (ఈ1 వాడే లైన్ కోడ్) ఉల్లంఘనలు వస్తాయి, సీఆర్‌సీ-4 తప్పులు వస్తాయి, ఇంకా ముదిరితే ఫ్రేమ్ అమరిక (ప్రతి బిట్ల గుంపు, అంటే ఫ్రేము, ఎక్కడ మొదలవుతుందో తెలిసే గుర్తింపు) పోతుంది. పైగా అవి గుంపులుగా, వేళాపాళా లేకుండా వస్తాయి. ఇక్కడ ఒక్క బిట్టు కూడా తప్పు పోకుండా, గడియారం కొట్టినట్టు సుమారు 69 సెకన్లకు ఒక స్లిప్ వస్తోంది. ఇంత క్రమశిక్షణ చెడిపోయిన తీగకు ఉండదు. ఇది రెండు క్లాకుల మధ్య స్థిరమైన తేడా.

ఇక మీ అసలు సందేహం. పోర్టుకు పెట్టే ‘క్లాక్ సోర్స్ లైన్’ అన్న మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. లైను నుంచి వచ్చే సంకేతాన్ని చదవడానికి ప్రతి పోర్టూ ఎప్పుడూ ఆ లైను క్లాకునే వాడుతుంది; అందులో మనకు ఎంపిక లేదు. ఆ అమరిక నిర్ణయించేది పోర్టు బయటకు పంపే సంకేతం ఏ క్లాకు మీద వెళ్లాలన్నది మాత్రమే. అయితే లోపలికి వచ్చిన టైమ్‌స్లాట్లు (ఫ్రేములో ఒక్కో కాల్‌కు కేటాయించిన భాగాలు) అక్కడితో ఆగవు కదా. అవి గేట్‌వే వెనుక ఉన్న ఉమ్మడి టీడీఎం బస్సు (టైమ్‌స్లాట్లను వంతులవారీగా మోసే లోపలి దారి) మీదికి, అక్కడి నుంచి డీఎస్‌పీల (ధ్వనిని ప్రాసెస్ చేసే చిప్పుల) దగ్గరకు వెళ్లాలి. ఆ బస్సుకు ఒకే క్లాకు ఉంటుంది, ఎన్ని లైన్లు ఉన్నా ఒకటే. లైను క్లాకుతో వచ్చే ఫ్రేములు ఒక చిన్న బఫరులో పడతాయి, బస్సు క్లాకు వాటిని అందులో నుంచి తీసుకుంటుంది. పోసేవాడి వేగం, తోడేవాడి వేగం సమానమైతే ఆ బఫరు ఎప్పటికీ నిండదు, ఎప్పటికీ ఎండదు. కొంచెం తేడా ఉన్నా ఏదో ఒకనాడు హద్దు తగులుతుంది. అప్పుడు గేట్‌వే సరిగ్గా ఒక ఫ్రేమును, అంటే 256 బిట్లను, 125 మైక్రోసెకన్ల కాలాన్ని, వదిలేస్తుంది లేదా రెండోసారి చదువుతుంది. ఫ్రేము మొత్తంగా పోతుంది కాబట్టి అమరిక చెడదు, అలారం రాదు, సీఆర్‌సీ తప్పు లెక్కకు రాదు. స్లిప్ అంటే ఇంతే.

తేడా ఎంతో లెక్క కట్టవచ్చు. సెకనుకు 8000 ఫ్రేములు కాబట్టి స్లిప్‌ల సంఖ్యను గడిచిన సెకన్లతోనూ, ఆ పైన 8000తోనూ భాగించాలి. 13ను 900తో, తరువాత 8000తో భాగిస్తే పది లక్షలకు 1.8 వంతులు వస్తుంది. ఈ అంకె చాలా విషయం చెబుతుంది. రెండు సంస్థలూ అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జి.811 ప్రమాణానికి సరిపడే ప్రధాన క్లాకులను నిజంగా వాడుతూ ఉంటే, ఒక్కొక్కటి అసలు విలువ నుంచి పదివేల కోట్లలో ఒక వంతు కన్నా ఎక్కువ తప్పకూడదు. రెండూ చెరో దిక్కుకు అంత తప్పినా మీకు 72 రోజులకు ఒక స్లిప్ రావాలి. మీకు రోజుకు 1248 వస్తున్నాయి. జి.822 సిఫారసు ప్రకారం, అంతర్జాతీయ అనుసంధానంలో కూడా, నూటికి 98.9 వంతుల కాలంలో 24 గంటలకు 5 స్లిప్‌లు మించకూడదు. గంటకు 30 దాటే దశ మొత్తం కాలంలో 0.1 శాతానికి లోపే ఉండాలి. మీరు గంటకు 52తో రోజంతా ఆ చివరి గదిలోనే కూర్చున్నారు. కాబట్టి ఆ రెండు లైన్లలో కనీసం ఒకటి ప్రధాన క్లాకుకు కట్టుబడి లేదు, ఎక్కడో పరికరంలోని ఒక మామూలు క్వార్ట్జ్ స్ఫటికం మీద స్వేచ్ఛగా తిరుగుతోంది.

ఫ్యాక్సు సంగతి కూడా దీనితోనే తేలుతుంది. మాటల్లో 125 మైక్రోసెకన్లు పోతే చెవి పట్టించుకోదు. కాని సెకనుకు 14,400 బిట్ల వేగపు వి.17 (ఫ్యాక్సు మోడెము ప్రమాణం) ఫ్యాక్సు 1800 హెర్ట్జ్ వాహక తరంగం మీద నడుస్తుంది. 125 మైక్రోసెకన్ల గంతు ఆ తరంగంలో 81 డిగ్రీల మలుపు. అవతలి మోడెముకు అది కాళ్ల కింద చాప లాగేసినట్టే. ఒక పేజీ వెళ్లడానికి నిమిషం చిల్లర పడితే పేజీకి ఒకటి చొప్పున గాయం ఖాయం.

మీ అమరికలో వెంటనే మార్చవలసినది ఒకటి ఉంది. పీబీఎక్స్ పోర్టును రెండో ప్రాధాన్యం నుంచి తీసేయండి. దాని మీద స్లిప్‌లు లేవంటే పీబీఎక్స్ మీ గేట్‌వే క్లాకునే అనుసరిస్తోందని అర్థం. సున్నా లైను ఎప్పుడైనా తెగితే గేట్‌వే పీబీఎక్స్‌ను, పీబీఎక్స్ గేట్‌వేను అనుసరించడం మొదలవుతుంది. ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు నడుస్తూ, దారి చూపేవాడు లేక, వేగం ఎటో కొట్టుకుపోతుంది. ఆ రోజు స్లిప్‌లు కూడా కనిపించవు. అందుకే అది మరీ ప్రమాదం.

పోర్టు_సున్నా:

పాత_ఎక్స్ఛేంజి గారికి కృతజ్ఞతలు. పీబీఎక్స్‌ను జాబితా నుంచి తీసేసి, ఒకటో పోర్టును రెండో ప్రాధాన్యంగా పెట్టాను. జోడుతీగ గారి సలహా కూడా వృథా చేయకుండా కేబులు, పోర్టు మార్చి చూశాను. లెక్క 13 దగ్గరే ఉంది.

మీరు చెప్పినదాన్ని బట్టి బస్సు క్లాకు సున్నా లైనును అనుసరిస్తోంది, ఒకటో లైను దానితో పది లక్షలకు 1.8 వంతులు తేడాగా ఉంది. సున్నా లైను ఏళ్ల తరబడి ఒక్క స్లిప్ కూడా లేకుండా నడుస్తోంది కాబట్టి తప్పు కొత్త సంస్థదేనని ఇప్పుడు గట్టిగా రాయవచ్చునా? నమ్మకం కోసం నిన్న రాత్రి ఒక గంట పాటు క్లాకును ఒకటో లైనుకు మార్చి చూశాను. ఒకటో పోర్టు మీద స్లిప్‌లు ఆగిపోయాయి, సున్నా పోర్టు మీద గంటకు 52 మొదలయ్యాయి.

పాత_ఎక్స్ఛేంజి:

ఆగండి, ఆ ఉత్తరం ఇప్పుడే పంపకండి. మీ పరీక్షే మీకు సమాధానం చెప్పింది. ఎవరిని అనుసరిస్తే వారి మీద స్లిప్‌లు ఆగుతాయి, రెండోవారి మీద మొదలవుతాయి. సున్నా లైను మీద స్లిప్‌లు లేకపోవడం దాని మంచితనానికి సాక్ష్యం కాదు. మీరు దాని వెనుక నడుస్తున్నారనడానికి మాత్రమే సాక్ష్యం. గంటకు రెండు నిమిషాలు ముందుకు పోయే గడియారాన్ని చూసి మన చేతి గడియారాన్ని అస్తమానం సరిచేసుకుంటూ ఉంటే, ఆ రెండూ ఎప్పుడూ ఏకీభవిస్తాయి.

కొన్ని పరికరాలలో స్లిప్ ఫ్రేమును వదలడం వల్ల వచ్చిందా, మళ్లీ చదవడం వల్ల వచ్చిందా అన్నది విడివిడిగా చూపుతారు. దానివల్ల ఏ లైను వేగంగా ఉందో తెలుస్తుంది. ఏది సరైనదో అదీ చెప్పదు. రెండు గడియారాలు తగువుకు దిగితే తీర్పుకు మూడోది కావాలి.

అందుకు ఈ1 టెస్టరు ఒకటి సంపాదించండి. చాలా టెస్టర్లు వచ్చే సంకేతపు వేగాన్ని 2,048,000 హెర్ట్జ్‌తో పోల్చి తేడాను చూపుతాయి. అయితే దాని లోపలి స్ఫటికమే పది లక్షలకు రెండు మూడు వంతులు తప్పి ఉండవచ్చు, మీరు వెదికే తేడా అంతకన్నా చిన్నది. అందువల్ల టెస్టరుకు బయటి నుంచి, జీపీఎస్‌కు కట్టుబడిన 10 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని ఇచ్చి కొలవాలి. లైనును తెంచకుండా, ఎక్కువ నిరోధం గల మానిటర్ కలయికతో చదివితే చాలు. 1.8 వంతులంటే 2,048,000లో సుమారు 3.7 హెర్ట్జ్, మంచి ఆధారం ఉంటే అది దాగదు.

బఫరు_కాపరి:

మాటల మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. టెస్టరు వచ్చేలోగా ఒక చిన్న ప్రశ్న: సున్నా పోర్టు మీద స్లిప్‌లు లేవన్నారు సరే, తప్పులున్న సెకన్ల లెక్క ఎంత? ‘లోపాలు లేవు’ అని మీరు రాసినది ఒకటో పోర్టు గురించి మాత్రమే.

పోర్టు_సున్నా:

గమనించినందుకు ఆశ్చర్యపోయాను. సున్నా పోర్టు మీద 24 గంటలలో తప్పులున్న సెకన్లు నలభైకి అటూ ఇటూగా ఉన్నాయి, ఫ్రేమ్ అమరిక పోయిన సందర్భాలు కూడా దాదాపు అన్నే. అలారం ఎన్నడూ రాలేదు, కాల్స్ తెగలేదు. పాత లైను కదా, రోజుకు నలభై సెకన్లు పెద్ద విషయం కాదని ఎప్పటినుంచో వదిలేశాను. మీరు అడిగాక లాగ్ తీసి చూస్తే అవి కూడా ఇష్టం వచ్చినట్టు రావడం లేదు. రెండు సంఘటనల మధ్య 36 నుంచి 38 నిమిషాలు ఉంటోంది.

బఫరు_కాపరి:

అయితే మీ సున్నా లైను మీ గోడ దాకా రాగి మీద ఈ1గానే వస్తున్నా, మధ్యలో ఎక్కడో పాకెట్ల మీద ప్రయాణం చేస్తోందని నా అనుమానం. ఇప్పుడు చాలా సంస్థలు పాత మల్టీప్లెక్సర్లు తీసేసి, ఈ1 బిట్లను పాకెట్లలో నింపి ఈథర్‌నెట్ మీద పంపి, చందాదారుడి దగ్గర ఒక చిన్న కన్వర్టరుతో మళ్లీ ఈ1గా మారుస్తున్నాయి. ఫ్రేము నిర్మాణం చూడకుండా బిట్ల ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు మోసే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 4553లో ఉంది. టైమ్‌స్లాట్లను గుర్తించి మోసే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 5086లో ఉంది.

ఈథర్‌నెట్ తనంతట తాను క్లాకును మోయదు. అందుచేత ఆ కన్వర్టరు బిట్లను బయటకు ఏ వేగంతో పంపాలన్నది ఎవరో చెప్పాలి. పాకెట్లు వచ్చే తీరును, బఫరు నిండే తీరును గమనించి అసలు వేగాన్ని రాబట్టుకోవడం ఒక దారి. రెండు చివర్లకూ ఉమ్మడి ఆధార క్లాకు ఉంటే పాకెట్లలోని కాలముద్రల సాయంతో తేడాను పంపుకోవడం ఇంకో దారి. ఈ రెండూ పెట్టకుండా ‘ఇంటర్నల్’ అని వదిలేస్తే కన్వర్టరు తన స్ఫటికం లెక్కన బిట్లు పంపుతుంది. అది పది లక్షలకు 1.8 వంతులు తప్పినా మీ గేట్‌వేకు అభ్యంతరం ఉండదు, ఎందుకంటే జి.703 ప్రకారం ఈ1 సంకేతానికి పది లక్షలకు 50 వంతుల దాకా సహనం ఉంది. గేట్‌వే దాన్నే నిజమైన క్లాకు అనుకొని నమ్మకంగా అనుసరిస్తుంది.

కాని లెక్క ఎక్కడో ఒకచోట తేలాలి కదా. మీ వైపు స్లిప్‌గా తేలలేదు, కన్వర్టరు బఫరులో తేలుతోంది. కన్వర్టరు అసలు కన్నా 1.8 వంతులు వేగంగా పంపుతోందనుకోండి. బఫరులో 4 మిల్లీసెకన్ల నిల్వ ఉంటే అది 2222 సెకన్లలో, అంటే 37 నిమిషాలలో ఎండిపోతుంది. అప్పుడు అది బఫరు మళ్లీ సగానికి నిండేదాకా అన్నీ ఒకట్లు పంపుతుంది. ఫ్రేమ్ అమరిక పదం 250 మైక్రోసెకన్లకు ఒకసారి రావాలి, వరసగా మూడు తప్పితే అమరిక పోయినట్టు. 4 మిల్లీసెకన్లలో పదహారు పదాలు పోతాయి. మీ గేట్‌వే అమరిక పోగొట్టుకొని, వెంటనే మళ్లీ పట్టుకొని, ఒక సెకనును తప్పు సెకనుగా రాసుకొని ముందుకు పోతోంది. అలారం రావడానికి కావలసినంత సేపు అది నిలవదు. 24 గంటలను 37 నిమిషాలతో భాగిస్తే 39. మీ నలభైకి ఇదే కారణం కావచ్చు.

ఒక జాగ్రత్త. సున్నా లైను మీద ఎస్‌ఎస్‌ఎం చూసి నిర్ధారించుకుందామని అనుకోవద్దు. క్లాకు నాణ్యతను చెప్పే ఆ నాలుగు బిట్లు సున్నా నంబరు టైమ్‌స్లాటులో వస్తాయి. 0010 అంటే ప్రధాన క్లాకు నుంచి వచ్చినదని అర్థం. బిట్లను ఉన్నదున్నట్టు మోసే కన్వర్టరు ఆ ముద్రను కూడా యథాతథంగా మీకు అందిస్తుంది, క్లాకును మాత్రం తన సొంతది పెడుతుంది. సరుకు మారినా పెట్టె మీది ముద్ర మారదు.

జోడుతీగ:

నా తొందరపాటు సలహాను ఉపసంహరించుకుంటున్నాను. ఒక సందేహం: సున్నా లైనులో 37 నిమిషాలకు ఒకసారి 4 మిల్లీసెకన్లు పోతుంటే, ఆ లైను మీది ఫ్యాక్సులు కూడా చెడాలి కదా?

బఫరు_కాపరి:

చెడాలి, చెడుతూనే ఉండి ఉంటాయి. కాని మూడు పేజీల ఫ్యాక్సుకు మూడు నాలుగు నిమిషాలు పడితే, పదింటిలో ఒకటి మాత్రమే ఆ క్షణానికి చిక్కుతుంది. మళ్లీ పంపితే వెళ్లిపోతుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఒకటో లైనులో పేజీకి ఒకటి కాబట్టి అందరి కంటా పడింది. డీ ఛానెల్ (కాల్స్ కలపడానికి, తెంచడానికి సందేశాలు వెళ్లే దారి) మీద కూడా ఇలాగే జరుగుతుంది: ఒక సందేశం చెడితే అవతలి చివర దాన్ని పారేస్తుంది, ఒక సెకను ఆగి మళ్లీ పంపుతారు, కాల్ కలవడం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

పోర్టు_సున్నా:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. జీపీఎస్ ఆధారం ఉన్న టెస్టరు దొరకడానికి పది రోజులు పట్టింది. కొలతలు ఇవి: సున్నా లైను 2,048,003.7 హెర్ట్జ్, ఒకటో లైను 2,048,000.0 హెర్ట్జ్. మూడు నెలలుగా నేను తప్పు పట్టిన లైను నిక్కచ్చిగా ఉంది, నేను వెనకేసుకొచ్చిన లైను తప్పి ఉంది. కొత్త సంస్థకు క్షమాపణ ఉత్తరం పంపాను.

పాత సంస్థకు ఈ రెండు అంకెలు, 37 నిమిషాల లాగ్ కలిపి పంపితే ఈసారి వాదన రాలేదు. ఏడాది కిందట మా వైపు చివరి పరికరాన్ని పాకెట్ కన్వర్టరుతో మార్చారని, దాని క్లాకు ‘ఇంటర్నల్’ మీద ఉండిపోయిందని ఒప్పుకున్నారు. అంటే ఏడాదిగా గేట్‌వే, పీబీఎక్స్ రెండూ ఆ కన్వర్టరు స్ఫటికం వెనుకే నడిచాయి. పోల్చడానికి రెండో లైను లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. వారు కన్వర్టరును పాకెట్ల నుంచి క్లాకు రాబట్టుకునే పద్ధతికి మార్చారు.

మార్చేలోగా నేను గేట్‌వేకు ఒకటో లైనును మొదటి ప్రాధాన్యంగా పెట్టుకున్నాను. మార్చిన తరువాత కూడా అలాగే ఉంచాను, సున్నా లైను రెండోది. ఇప్పటికి తొమ్మిది రోజులు. ఒకటో పోర్టు మీద స్లిప్‌లు సున్నా, తప్పు సెకన్లు సున్నా. సున్నా పోర్టు మీద మొదటి రోజు మూడు స్లిప్‌లు వచ్చాయి, ఆ తరువాత లేవు. ఆ మూడింటి గురించి ఆందోళన పడాలా?

బఫరు_కాపరి:

అవసరం లేదు. పాకెట్ల రాకను బట్టి వేగాన్ని అంచనా వేసే పద్ధతికి స్థిరపడడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపల వచ్చినవి కావచ్చు. కాని ఆ పద్ధతి నెట్‌వర్కు రద్దీకి కొంచెం కదులుతుంది. పాకెట్ల ఆలస్యం మారినప్పుడల్లా అంచనా అటూ ఇటూ ఊగుతుంది. మీరు ఆ లైనును రెండో ప్రాధాన్యంలోనే ఉంచడం మంచిది. రద్దీ ఎక్కువగా ఉండే వేళల్లో సున్నా పోర్టు లెక్కను ఒక నెల పాటు చూస్తూ ఉండండి.

పాత_ఎక్స్ఛేంజి:

ఇంకొకటి. ఒకటో లైను తెగి మళ్లీ వచ్చినప్పుడు గేట్‌వే వెంటనే దాని మీదికి తిరిగి దూకకుండా కొన్ని నిమిషాలు ఆగేలా పెట్టండి. లైను పడుతూ లేస్తూ ఉన్నప్పుడు క్లాకు కూడా దానితో పాటు అటూ ఇటూ మారితే, ప్రతి మార్పుకూ మూడు పోర్టుల మీదా స్లిప్‌లు వస్తాయి, అప్పుడు మళ్లీ ఎవరిది తప్పో వెదుక్కోవాలి. పీబీఎక్స్‌లో కూడా క్లాకు జాబితా తెరిచి చూడండి. దానికి మీ గేట్‌వే తప్ప వేరే ట్రంకు ఏదైనా ఉంటే, అది ఏ ప్రాధాన్యంలో ఉందో ఇక్కడ రాయండి.

పోర్టు_సున్నా:

చూశాను. వేరే ట్రంకు లేదు, గేట్‌వే ఒక్కటే ఆధారం. తిరిగి మారడానికి పది నిమిషాల ఆలస్యం పెట్టాను.